బాధితుని పక్షాన నిలవడమూ ఆరాధనే

రోహిణి కార్తె ముగిసి మృగశిర ప్రవేశించే రోజుల్లో వేములవాడ బజారును చూసినవారికి ఒక దృశ్యం పరిచితమే. రాజన్న గుడికి వచ్చిన యాత్రికుల సందడి ఒకవైపు, విత్తనాల దుకాణాల ముందు రైతుల సందడి మరోవైపు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన రైతులు భుజాన తువ్వాలతో, చేతిలో సంచితో దుకాణం మెట్ల మీద నిలబడి ఉంటారు. వారిలో హిందువులూ ఉంటారు, ముస్లిములూ ఉంటారు. చాలామంది జేబులో ఉన్నది అప్పు తెచ్చిన డబ్బే. దుకాణదారుడు చేతికిచ్చిన పత్తి విత్తనాల ప్యాకెట్ తీసుకొని, దానిమీది చిన్న అక్షరాలు చదవకుండానే ఇంటిదారి పడతారు. మొలిస్తే దేవుని దయ అంటారు. మొలవకపోతే తలరాత అంటారు.

మొలకెత్తించేవాడు నిస్సందేహంగా అల్లాహ్ మాత్రమే. మీరు నాటే విత్తనాన్ని గురించి ఎప్పుడైనా ఆలోచించారా, దాన్ని మొలకెత్తించేది మీరా లేక మేమా అని అల్ వాఖిఆ సూరాలో (56:63-64) అల్లాహ్ మానవుణ్ణి నిలదీస్తున్నాడు. కాని ఆ ప్యాకెట్ మీద ధర ముద్రించినది మాత్రం మనుషులే. ఆ ధరలో ఎవరి వాటా ఎంతో నిర్ణయించినదీ మనుషులే. మనుషులు చేసిన దానికి తలరాతను నిందించి ఊరుకోవడం విశ్వాసి లక్షణం కాదు.

‘విత్తనాల ధరలు, కంపెనీల వ్యాపారం, ప్రపంచీకరణ ఇవన్నీ రాజకీయాలు. మసీదుకు, నమాజుకు వీటితో సంబంధం ఏమిటి?’ అని మన యువకులు కొందరు అడుగుతూ ఉంటారు. ఇదే ప్రశ్న వేల సంవత్సరాల క్రితం ఒక ప్రవక్త ముందుకు కూడా వచ్చింది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

మద్‌యన్ వ్యాపారుల వాదన

హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) మద్‌యన్ ప్రజల వద్దకు ప్రవక్తగా వచ్చారు. వర్తక బిడారులు సాగే దారిలో ఉన్న జాతి అది. కొలతల్లో, తూనికల్లో మోసం వారికి అలవాటైపోయింది. దారుల్లో కాపు వేసి ప్రజలను బెదిరించడం కూడా వారికి అలవాటే. షుఐబ్ (అ) వారికి మొట్టమొదట ఏకేశ్వరోపాసన బోధించారు. ఆ వెంటనే కొలతలు, తూనికలు సరిగా ఉంచమన్నారు. ప్రజల వస్తువుల విలువ తగ్గించవద్దన్నారు. భూమిపై కల్లోలం రేపవద్దన్నారు. అల్ ఆరాఫ్ సూరాలో (7:85-86), హూద్ సూరాలో (11:84-86) ఈ బోధ వివరంగా ఉంది.

ఆ జాతి పెద్దలు ఇచ్చిన జవాబు గమనించదగినది. మా సొమ్ముతో మేము ఇష్టమొచ్చినట్లు వ్యవహరించడం మానుకోవాలని నీ నమాజే నీకు ఆదేశిస్తోందా అని వారు ఎగతాళి చేశారు (11:87). అంటే, నీ ఆరాధన నువ్వు చేసుకో, మా బజారు జోలికి రాకు అన్నమాట! నమాజును ఒక గదిలో, వ్యాపారాన్ని మరో గదిలో పెట్టి మధ్య తలుపు మూసేయాలని వారు కోరారు. షుఐబ్ (అ) ఆ తలుపు మూయడానికి ఒప్పుకోలేదు. శక్తి ఉన్నంత మేరకు సంస్కరణే తన ఉద్దేశమని, తనకు సాఫల్యం అల్లాహ్ వల్లనే లభిస్తుందని సమాధానమిచ్చారు (11:88).

నేటి పెద్ద కంపెనీల వాదన కూడా దాదాపు ఇదే. పెట్టుబడి మాది, పరిజ్ఞానం మాది, ధర మా ఇష్టం, అవసరమైతే కొనండి, లేకుంటే మానండి అంటారు. వినడానికి ఇది న్యాయంగానే తోస్తుంది. ఇస్లాం వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసింది. శ్రమకు, జ్ఞానానికి తగిన ప్రతిఫలం పొందడాన్ని నిషేధించలేదు. అయితే కొనేవాడికి మరో దారి లేనప్పుడు, అమ్మేవాడు ఒక్కడే అయినప్పుడు ఈ వాదన న్యాయమవుతుందా? మన పత్తి చేలే దీనికి చక్కని ఉదాహరణ.

ఒక ప్యాకెట్ విత్తనం వెనుక కథ

2002 మార్చిలో మన దేశంలో బి.టి. పత్తి సాగుకు కేంద్రంలోని జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ అనుమతి ఇచ్చింది. నేలలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి తీసిన జన్యువును పత్తి మొక్కలో ప్రవేశపెట్టి, కాయతొలుచు పురుగును తట్టుకునేలా చేసిన విత్తనం అది. ఆ పరిజ్ఞానం అమెరికాకు చెందిన మోన్‌శాంటో కంపెనీది. మన దేశంలో మహికో అనే విత్తన కంపెనీతో కలిసి ‘మహికో మోన్‌శాంటో బయోటెక్’ అనే ఉమ్మడి సంస్థ ద్వారా అది వ్యాపారం సాగించింది. ఇతర విత్తన కంపెనీలు ఆ జన్యువును వాడుకోవాలంటే ఈ సంస్థకు రాయల్టీ చెల్లించాలి. ఆ రాయల్టీ చివరికి రైతు జేబులోంచే పోవాలి.

మన దేశంలో సాగయ్యే పత్తి ఎక్కువగా సంకర రకం. సంకర విత్తనాల పంట నుంచి గింజలు దాచుకొని మరుసటి ఏడు విత్తితే మొదటి పంటలాంటి దిగుబడి రాదు. అందువల్ల రైతు ఏటా మళ్ళీ దుకాణానికే రావాలి. తాతల నాటి రైతు విత్తనాలను గాదెలో దాచుకొనేవాడు. నేటి రైతు విత్తనం కోసం బజారు వైపు చూస్తున్నాడు. పెద్ద వ్యాపారం బలమంతా ఈ ఒక్క మార్పులో ఉంది.

ఎకరానికి సరిపోయే 450 గ్రాముల బి.టి. విత్తనాల ప్యాకెట్ ధర ఆ తొలి సంవత్సరాల్లో 1600 రూపాయలు, ఆ పైన కూడా పలికింది. అందులో సగానికి మించిన భాగం రాయల్టీయే. మూడెకరాల రైతు విత్తనాలకే దాదాపు 5 వేల రూపాయలు పెట్టాలి. వాన వెనక్కిపోయి విత్తనం ఎండిపోతే మళ్ళీ 5 వేలు! ఆ డబ్బు వడ్డీకి తెచ్చినదైతే ఇక చెప్పనక్కరలేదు.

ఆ తొలి సంవత్సరాల్లో వరంగల్ ప్రాంతంలో చాలామంది రైతులు పంట దెబ్బతిన్నదని గగ్గోలు పెట్టారు. కంపెనీ తరఫు సర్వేలు లాభాలు వచ్చాయని చెప్పాయి. అప్పుడు కొందరు పౌరులు ఊరుకోలేదు. విశ్రాంత వ్యవసాయ అధికారి డాక్టర్ అబ్దుల్ ఖయ్యూమ్, కిరణ్ సక్కరి అనే మరో శాస్త్రవేత్త కలిసి వరంగల్ పల్లెల్లో సీజన్ పొడవునా తిరిగి, రైతుల చేలలోనే ఖర్చులు, దిగుబడులు లెక్కగట్టారు. బి.టి. వేసిన చిన్న రైతులకు ఇతర రైతులకంటే నికరాదాయం తక్కువగా వచ్చిందని నివేదిక ఇచ్చారు. జహీరాబాద్ ప్రాంతంలోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన పల్లె మహిళలు కెమెరాలు పట్టుకొని ఆ రైతుల గోడును చిత్రించారు. రైతు సంఘాలు పరిహారం కోసం రోడ్డెక్కాయి. 2005లో తొలి మూడు బి.టి. రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతిని పొడిగించడానికి ఆమోద కమిటీ నిరాకరించింది.

తర్వాత ధరపై పోరాటం సాగింది. రైతుల ఒత్తిడితో 2006లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య విధానాల కమిషన్ తలుపు తట్టింది. ఇదే పరిజ్ఞానానికి చైనాలో తీసుకొనే రుసుము ఎంతో తక్కువని, ఇక్కడి రైతుల నుంచి ఇంత వసూలు చేయడం అన్యాయమని వాదించింది. ఆ ఏడాది మే నెలలో కమిషన్ కంపెనీకి వ్యతిరేకంగా మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ప్యాకెట్ ధర 750 రూపాయలు మించకూడదని రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించింది. ఇతర రాష్ట్రాలు కూడా అదే బాట పట్టాయి. 2007లో పత్తి విత్తనాల ధరల నియంత్రణకు రాష్ట్ర శాసనసభ ప్రత్యేక చట్టమే చేసింది. 2015 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2016లో బోల్‌గార్డ్-2 ప్యాకెట్‌కు 800 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయిస్తూ, అందులో రాయల్టీని 49 రూపాయలకు పరిమితం చేసింది. 2020 నాటికి ఆ రాయల్టీని పూర్తిగా తీసివేసింది. మోన్‌శాంటో కంపెనీని 2018లో జర్మనీకి చెందిన బేయర్ కంపెనీ కొనేసింది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. బి.టి. విత్తనం వల్ల ఏ రైతుకూ మేలు జరగలేదని మేము అనడం లేదు. కొన్నేళ్ళపాటు కాయతొలుచు పురుగు బెడద తగ్గింది, మందుల పిచికారీ తగ్గింది, రైతులే ఆ విత్తనాన్ని అడిగి కొన్నారు. ఆ తర్వాత గులాబీ రంగు పురుగు దానికి అలవాటుపడి మళ్ళీ విరుచుకుపడిందన్నదీ నిజమే. విశ్వాసి శత్రువు గురించి కూడా అబద్ధం చెప్పకూడదు. ఒక జాతి పట్ల ఉన్న ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయరాదని అల్ మాఇదా సూరాలో (5:8) అల్లాహ్ హెచ్చరించాడు. ఇక్కడ మన ప్రశ్న విజ్ఞానాన్ని గురించినది కాదు, తూకాన్ని గురించినది. 1600 నుంచి 750కి తగ్గితే ప్యాకెట్‌కు 850 రూపాయలు మిగిలాయి. మూడెకరాల రైతుకు 2550 రూపాయలు. ఎవరూ నోరు తెరవకపోతే ఆ డబ్బు తిరిగి వచ్చేదేనా?

హిల్ఫుల్ ఫుజూల్: ఒక గొప్ప ఒప్పందం

అన్యాయానికి గురైనవాడి కోసం నలుగురు కలిసి నిలబడడం ఇస్లాంకు కొత్త కాదు. మహాప్రవక్త ముహమ్మద్ (స) దైవదౌత్యం పొందక ముందే, ఇరవై ఏళ్ళ ప్రాయంలో ఉండగా మక్కాలో ఒక సంఘటన జరిగింది. యెమెన్‌లోని జబీద్ ప్రాంతపు వర్తకుడు ఒకడు సరుకు తెచ్చి మక్కా పెద్దల్లో ఒకడైన ఆస్ బిన్ వాయిల్‌కు అమ్మాడు. సరుకు చేతికందాక ఆస్ డబ్బివ్వనన్నాడు. ఆ పరదేశికి మక్కాలో బంధువులు లేరు, తెగ లేదు, అండ లేదు. అతను పెద్దల గడపలన్నీ ఎక్కి దిగాడు. ఎవరూ ఆస్‌తో వైరం తెచ్చుకోవడానికి సిద్ధపడలేదు. చివరికి కాబా గృహం దగ్గరలోని అబూ ఖుబైస్ కొండ ఎక్కి తన గోడు అందరికీ వినిపించాడు.

అప్పుడు మహాప్రవక్త (స) పినతండ్రి జుబైర్ బిన్ అబ్దుల్ ముత్తలిబ్ చొరవ తీసుకున్నారు. కొన్ని తెగల వారు అబ్దుల్లా బిన్ జుద్‌ఆన్ ఇంట్లో సమావేశమయ్యారు. మక్కావాడైనా, బయటివాడైనా, బాధితుడికి అతని హక్కు తిరిగి ఇప్పించేదాకా అందరం ఒక్క చేయిగా ఉంటామని ప్రమాణం చేశారు. తర్వాత ఆస్ వద్దకు వెళ్ళి ఆ వర్తకుడి సరుకు అతనికి ఇప్పించారు. దీనినే హిల్ఫుల్ ఫుజూల్ అంటారు.

ఆ సమావేశంలో మహాప్రవక్త (స) కూడా ఉన్నారు. ఆ తర్వాత ప్రవక్తగా నియమితులైన కాలంలో కూడా ఆ ఒప్పందాన్ని ఎంతో ఇష్టంగా తలచుకునేవారు. విలువైన ఎర్ర ఒంటెలు ఇస్తామన్నా దాన్ని వదులుకోనని, ఇస్లాం వచ్చిన తర్వాత కూడా అలాంటి ఒప్పందానికి ఎవరైనా పిలిస్తే వెళతానని చెప్పినట్లు సీరా గ్రంథాలు తెలుపుతున్నాయి.

సోదరులారా! ఈ సంఘటనలోని మూడు విషయాలను మనం బాగా గుర్తుంచుకోవాలి. మొదటిది, అది ఒక వ్యాపార తగాదా. విగ్రహారాధన గురించో, నమాజు గురించో కాదు, ఒక సరుకు ధర గురించి. రెండవది, ఒప్పందం చేసుకున్నవారంతా ఒకే విశ్వాసం గలవారు కారు. అప్పటికి ఇస్లాం సందేశమే ఇంకా రాలేదు. అయినా న్యాయం విషయంలో వారితో చేయి కలిపినందుకు మహాప్రవక్త (స) గర్వపడ్డారు. మూడవది, ఒక్కొక్కరిగా ఎవరూ ఆస్‌ను ఎదిరించలేకపోయారు. నలుగురు ఒక గదిలో కూర్చుని మాట ఇచ్చుకోగానే అదే ఆస్ తల వంచాడు.

తర్వాతి కాలంలో కూడా ఆ ఒప్పందం పేరు పనిచేసింది. మదీనా గవర్నరుగా ఉన్న వలీద్ బిన్ ఉత్బా ఒక ఆస్తి విషయంలో హజ్రత్ హుసైన్ (రజి) హక్కును అడ్డుకున్నాడు. అప్పుడు హుసైన్ (రజి) మస్జిదె నబవీలో నిలబడి హిల్ఫుల్ ఫుజూల్‌ కోసం పిలుపునిస్తానని హెచ్చరించారు. ఆ మాట విని అబ్దుల్లా బిన్ జుబైర్ (రజి), మిస్వర్ బిన్ మఖ్రమా (రజి) తదితరులు తామూ కత్తి చేతబట్టి తోడు నిలుస్తామన్నారు. వలీద్ దారికి వచ్చాడు, కత్తి దూయవలసిన అవసరమే రాలేదు. బలవంతుడికి భయం కలిగించేది ఐక్యతే.

ధరల విషయంలో ఒక సందేహం

ఇక్కడ తెలిసినవారు ఒక సందేహం వెలిబుచ్చవచ్చు. మదీనాలో ధరలు పెరిగినప్పుడు ప్రజలు వచ్చి ధరలు నిర్ణయించమని కోరితే, మహాప్రవక్త (స) అంగీకరించలేదు కదా! ధరలను నిర్ణయించేవాడు అల్లాహ్ అని, ఎవరి ప్రాణం విషయంలో గాని, సొమ్ము విషయంలో గాని అన్యాయం చేసిన బరువు లేకుండా తాను అల్లాహ్‌ను కలుసుకోవాలని కోరుకుంటున్నానని చెప్పారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ఇది. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. మరి ప్రభుత్వం విత్తనాల ధర నిర్ణయించడం సరైనదేనా?

ధర్మవేత్తలు దీనిని లోతుగా చర్చించారు. ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మ) బజారు పర్యవేక్షణపై, అంటే ‘హిస్బా’పై రాసిన గ్రంథంలో ఈ విషయాన్ని స్పష్టం చేశారు. సరుకు తగ్గి, జనం పెరిగి, ఎవరి కుట్రా లేకుండా ధర పెరిగితే వ్యాపారిని బలవంతంగా తక్కువకు అమ్మించడం అన్యాయం. మదీనాలో ఉన్నది ఆ పరిస్థితి. కాని ప్రజలకు తప్పనిసరి అయిన వస్తువు కొద్దిమంది చేతుల్లోనే ఉండి, వారు ఇష్టారాజ్యంగా ధర పెంచితే, అప్పుడు న్యాయమైన ధరకు అమ్మేలా చేయడం పాలకుడి బాధ్యత అవుతుంది. ఆ హదీసులో మహాప్రవక్త (స) చెప్పిన కారణాన్నే చూడండి. అన్యాయం జరగకూడదన్నదే ఆ కారణం. ధర నిర్ణయించడం అన్యాయమైన చోట అది నిషిద్ధం. నిర్ణయించకపోవడమే అన్యాయమైన చోట అది ఆవశ్యకం.

సరుకును దాచిపెట్టి ధర పెంచే అక్రమ నిల్వదారుణ్ణి పాపిగా పేర్కొన్నదీ మహాప్రవక్తే (స). ఈ హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. పల్లెల నుంచి సరుకు తెచ్చే బిడారులకు ఊరి బయటే ఎదురువెళ్ళి, బజారు ధర తెలియని వారి నుంచి చవకగా కొనడాన్ని కూడా ఆయన (స) వారించారు. సమాచారం తెలిసినవాడు తెలియనివాడి మీద చేసే దోపిడీ అది. నేడు అమెరికాలోనో, జర్మనీలోనో కూర్చున్న కంపెనీకి మన రైతు అప్పెంతో, అవసరమెంతో తెలుసు. మన రైతుకు మాత్రం తాను చెల్లించే ధరలో ఎవరి వాటా ఎంతో తెలియదు.

విత్తనం నుంచి నీటి వరకు

ఈ సంగతి విత్తనంతో ఆగిపోదు. నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములని మహాప్రవక్త (స) చెప్పారు. మదీనాలో రూమా అనే బావి ఉండేది. దాని నీటిని యజమాని అమ్ముకునేవాడు. ఆ బావిని కొని ప్రజలకు ఇచ్చేవారికి స్వర్గంలో అంతకంటే శ్రేష్ఠమైన ప్రతిఫలం ఉంటుందని మహాప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) దాన్ని కొని అందరి కోసం వదిలేశారు.

కేరళలోని పాలక్కాడ్ జిల్లా ప్లాచిమడలో కోకాకోలా కర్మాగారం వచ్చాక బావులు ఎండిపోతున్నాయని, నీరు పాడైపోతోందని 2002 ఏప్రిల్‌లో అక్కడి ఆదివాసీ మహిళలు మయిలమ్మ అనే సోదరి నాయకత్వంలో గేటు ముందు బైఠాయించారు. పెరుమట్టి గ్రామ పంచాయతీ కర్మాగారానికి లైసెన్సు పొడిగించడానికి నిరాకరించింది. 2004 మార్చిలో ఆ కర్మాగారం మూతపడింది. మన సమీపంలోనే, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో భాగమైన నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ కర్మాగారం తమ నీటిని, పంటలను పాడుచేస్తుందని గ్రామస్తులు ఆందోళన చేశారు. 2024 నవంబరులో అది తీవ్రరూపం దాల్చి జాతీయ రహదారి దిగ్బంధం దాకా వెళ్ళింది. చివరికి పనులు నిలిపివేయాలని అధికారులు ఆదేశించారు.

వీరెవరూ పెద్ద చదువులు చదివినవారు కాదు. తమ ఊరి బావి, తమ ఊరి చేను తమకు అమానతు అని మాత్రం వారికి తెలుసు. పంటలను, సంతానాన్ని నాశనం చేస్తూ భూమిపై సంక్షోభం రేపేవాణ్ణి అల్లాహ్ ఇష్టపడడని అల్ బఖరా సూరా (2:205) మనకు తెలుపుతోంది. ఆ ఆయతు చదివే మనం వారికంటే ముందు వరుసలో ఉండవలసింది కాదా?

అయితే ఆందోళనకూ హద్దులున్నాయి. దారినపోయే రోగికి, బాటసారికి హాని కలిగించడం, ఉద్యోగిపై చేయి చేసుకోవడం, ఆస్తులు తగులబెట్టడం ఇవి బాధితుడి పక్షాన నిలవడం కాదు, మరో బాధితుణ్ణి తయారుచేయడం.

ముందు మన తూకం

పెద్ద కంపెనీలను నిలదీసే ముందు మన త్రాసును కూడా మనం సరిచూసుకోవాలి. ఇతరుల నుంచి తీసుకునేటప్పుడు నిండుగా కొలిచి తీసుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారికి వినాశం తప్పదని అల్ ముతఫ్ఫిఫీన్ సూరా (83:1-6) హెచ్చరిస్తోంది. తాము ఒక మహాదినాన తిరిగి లేపబడతామని వారు అనుకోవడం లేదా అని అడుగుతోంది. ఈ ఆయతులు కంపెనీ యజమానుల కోసం మాత్రమే వచ్చినవి కావు.

మనలో విత్తనాల, ఎరువుల దుకాణాలు నడిపేవారున్నారు. గడువు తీరిన ప్యాకెట్‌ను కొత్తదానితో కలిపి అమ్మితే అది తూకంలో మోసమే. అనుమతి లేని విత్తనాన్ని రసీదు లేకుండా చీకట్లో అమ్మితే అది మోసమే. మదీనా బజారులో ఒక వ్యాపారి ధాన్యం కుప్పలో మహాప్రవక్త (స) చేయి పెట్టి చూస్తే లోపలి ధాన్యం తడిగా ఉంది. వానకు తడిసిందని అతను చెప్పాడు. అలాగైతే తడిసినదాన్ని జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని నిలదీసి, మోసగించేవాడు తనవాడు కాడని ప్రకటించారు (స).

మనలో పత్తి కొనేవారున్నారు, జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసేవారున్నారు. తేమ ఎక్కువుందని, తరుగు అని రైతు తూకంలోంచి కిలోల కొద్దీ కోసేటప్పుడు ఆ కోత న్యాయమైనదేనా అని ఆలోచించాలి. మనలో బీడీల కార్ఖానాల తరఫున ఆకు, తంబాకు పంచేవారున్నారు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల్లో ఎన్నో ముస్లిం ఇళ్ళలో తల్లులు, అక్కచెల్లెళ్ళు పొద్దంతా బీడీలు చుడతారు. సాయంత్రం లెక్క దగ్గర నాసిరకమని పక్కన పెట్టి కూలీలో కోత వేస్తే, ఆ తల్లి కన్నీటికి జవాబు చెప్పవలసింది ఏ విదేశీ కంపెనీయో కాదు. మనలో పత్తి ఏరే కూలీలను పెట్టుకునే రైతులూ ఉన్నారు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమని మహాప్రవక్త (స) ఆదేశించిన విషయం మనకు తెలిసిందే.

మరొక విషయం. వడ్డీ అప్పు రైతు మెడకు చుట్టుకొన్న తాడు. వడ్డీని నిషేధించిన ధర్మం మనది. కాని మన పొరుగు రైతు విత్తనాల వేళ వడ్డీకి డబ్బు తెచ్చుకుంటుంటే చూస్తూ ఊరుకుంటున్నాం. ఊరి మసీదు పరిధిలో ఉన్న స్తోమతగల నాలుగు కుటుంబాలు కలిసి వానాకాలం మొదట్లో వడ్డీలేని రుణం, అంటే ఖర్జె హసన్, ఇచ్చే చిన్న నిధి పెట్టుకోలేవా? అది ముస్లిం రైతుకే కాదు, పొరుగున ఉన్న ముస్లిమేతర రైతుకు కూడా అందితే, షుఐబ్ (అ) బోధ మన ఊళ్ళో కళ్ళకు కనిపిస్తుంది.

మన కర్తవ్యం

పుణ్యకార్యాల్లో, దైవభీతి విషయాల్లో పరస్పరం సహకరించుకోండి, పాపంలో, దౌర్జన్యంలో సహకరించుకోకండి అన్న భావంతో అల్ మాఇదా సూరా (5:2) మనకు దారి చూపుతోంది. ఈ సహకారం ఎలా ఉండాలో కొన్ని ఆచరణాత్మకమైన విషయాలు ఇక్కడ మనవి చేస్తున్నాం.

విత్తనాలు కొనేటప్పుడు రసీదు అడిగి తీసుకోండి. రైతులైన మీ బంధుమిత్రులకూ చెప్పండి. రసీదును, ప్యాకెట్‌ను, అందులో కొన్ని గింజలను పంట చేతికొచ్చేదాకా జాగ్రత్త చేయండి. గరిష్ఠ ధరకంటే ఎక్కువ అడిగితే వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మన ఇళ్ళలో చదువుకునే పిల్లలు పొరుగు రైతుకు ఆ దరఖాస్తు రాసిపెడితే అది కూడా సదఖాయే.

చట్టం రైతుకు కొన్ని హక్కులు ఇచ్చింది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం తన పంట నుంచి విత్తనం దాచుకోవడం, మళ్ళీ విత్తడం, పంచుకోవడం రైతు హక్కు. కంపెనీ పేరు ముద్రించిన ప్యాకెట్‌గా మాత్రం అమ్మకూడదు. ఈ చట్టం బలమేమిటో 2019లో తెలిసింది. గుజరాత్‌లో పెప్సీ కంపెనీ తన బంగాళాదుంప రకాన్ని పండించారని చిన్న రైతులపై కోటి రూపాయలకు మించిన దావాలు వేసింది. దేశమంతటా నిరసన వెల్లువెత్తాక ఆ ఏడాది మే నెలలో ఆ దావాలను ఉపసంహరించుకుంది. అలాగే, విత్తనం విఫలమైన రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్ళవచ్చునని 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు మన తెలుగు రైతులు నడిపినదే. ఈ విషయాలు జుమా నమాజు తర్వాత నాలుగు మాటల్లో చెబితే ఎంతమందికి మేలు!

అన్నిటికంటే ముఖ్యమైనది ఒంటరిగా ఉండకపోవడం. మీ ఊళ్ళో రైతులు, కూలీలు, బీడీ కార్మికులు న్యాయం కోసం సమావేశమైతే, వారి మతం ఏదని అడగకండి. వారి డిమాండ్ న్యాయమైనదా అని అడగండి. న్యాయమైనదైతే వెళ్ళి కూర్చోండి. అబ్దుల్లా బిన్ జుద్‌ఆన్ ఇంట్లో మన ప్రవక్త (స) కూర్చున్నట్లు కూర్చోండి. అక్కడ అబద్ధం మాట్లాడితే వారించండి, దౌర్జన్యం తలపెడితే ఆపండి. సోదరుడు దౌర్జన్యపరుడైనా, పీడితుడైనా అతనికి సహాయం చేయమన్న మహాప్రవక్త (స), దౌర్జన్యపరుడికి సహాయం అంటే అతని చేయి పట్టి ఆపడమని వివరించారు కదా!

ప్రియ సోదర సోదరీమణులారా! న్యాయం విషయంలో స్థిరంగా నిలబడమని, అది మీకు, మీ తల్లిదండ్రులకు, మీ బంధువులకు వ్యతిరేకమైనా సరే సాక్ష్యం చెప్పమని అన్ నిసా సూరా (4:135) ఆజ్ఞాపిస్తోంది. వచ్చే మృగశిరలో వేములవాడ బజారులో మళ్ళీ రైతులు బారులు తీరుతారు. వారిలో ఎవరో ఒకరు, ధర గురించి అడగబోయి, నాకెందుకులే అని వెనక్కి తగ్గుతాడు. ఆ క్షణంలో అతని పక్కన నిలబడి, రసీదు ఇవ్వండి సేటూ అని మృదువుగా అడిగేవాడు ఒక్కడైనా ఉండాలి. ఆ ఒక్కడు మనలో ఒకడు కావాలి.

ఓ మా ప్రభూ! మా చేతుల్లోని తూకాన్ని సరిచేయి. మా నోళ్ళకు సత్యం పలికే ధైర్యాన్ని, దానితోపాటు సౌమ్యతను ప్రసాదించు. అన్యాయానికి గురైనవాని పక్షాన నిలిచేవారిలో మమ్మల్ని చేర్చు. మేము విత్తిన ప్రతి గింజనూ శుభప్రదంగా మొలకెత్తించు. ఆమీన్.